ఇరవై నాలుగిళ్లు, ఒకటే గిన్నె

ఫిబ్రవరి 9, ఆదివారం

కొత్త ఇంటి తాళంచెవి ఇచ్చి వారం అయింది. మొలలో దోపుకుని తిరుగుతున్నాను. ప్రార్థన మధ్యలో కూడా ఉందో లేదో అని తడిమి చూసుకున్నాను. పక్కనావిడ నాకేదో గోకుడు జబ్బు పట్టిందనుకుని జరిగి కూర్చుంది.

ఇల్లు హైవే అవతల, కొత్త కాలనీలో. మొత్తం ఇరవై నాలుగిళ్లు. స్కీము పేరు 'గడప దగ్గరే సర్కారు'. జగ్గయ్యపేటలో ముందు మా మీద చేసి చూసి, బాగుంటే మిగతా ఊళ్లకి చేస్తారంట. దాన్ని పైలట్ అంటారని కిషోర్‌బాబు మీటింగులో చెప్పాడు. స్కీము తరఫున మా కాలనీ చూసే సారు ఆయనే. "కొత్త మందు ముందు ఒక కోడికి వేసి చూస్తారే, అట్టాగా అండీ?" అని మా పేట బసవమ్మ అడిగింది. ఆయన నవ్వలేదు. మేమూ నవ్వలేదు. తాళంచెవులు అప్పటికింకా ఆయన సంచీలోనే ఉన్నాయి.

ఇంటికో కుళాయి పెట్టారు. నీళ్లు పెట్టలేదు. ప్రతి తలుపుకీ చెత్త బండి స్టిక్కరు అంటించారు. బండి రాలేదు. అయినా రోజూ సాయంత్రం మా అమ్మాయి జెరూషా ఫోనుకి 'మీ చెత్త తీసుకెళ్లాం, ధన్యవాదాలు' అని మెసేజి వస్తోంది. కాపురమే పెట్టని ఇంట్లో చెత్త ఎక్కడిది? చెత్త పేరు చెప్పి ఇంకేం తీసుకెళ్తున్నారో అని నాకు భయంగా ఉంది.

ఈస్టరుకల్లా మేం అద్దెకుంటున్న ఈ రేకుల గది ఖాళీ చేయాలని రాఘవమ్మ గారు మళ్లీ కబురు పెట్టింది. కారు పెట్టుకోవడానికంట. కారింకా కొనలేదు. "ఇల్లొచ్చిందిగా అమ్మా, ఇంకెందుకు దిగులు?" అంటుంది జెరూషా. నా కూతురికేం, పొద్దున్నే ముక్త్యాల ఫ్యాక్టరీ క్యాంటీనుకి పోతే ఇల్లూ వాకిలీ గుర్తుండవు. ఇద్దరి దిగులూ నేనే పడాలి.

ఫిబ్రవరి 11

తొమ్మిదో ఇంటి కుళాయి వదులైంది. తిప్పి చూశాను. గాలొచ్చింది. ఊరికే పోతుందని గట్టిగా కట్టేశాను.

ఫిబ్రవరి 12

మిరపకాయల కోతలు. పేటంతా పొద్దున్నే ఆటోలెక్కి చేలకి పోతోంది. పోతూ కొత్త ఇళ్ల తాళాలన్నీ నాకు అప్పజెబుతున్నారు, పసిపిల్లల్ని అప్పజెప్పినట్టు. మోకాళ్లు పనిచేయనిదాన్ని, కుళాయిలు ఎవరన్నా ఊడబీక్కుపోతారని ఎలాగూ రోజంతా అక్కడే కూర్చుంటాను గదా. గుత్తి బరువుకి చీర జారుతోంది.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ జరిగింది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఎండెక్కాక కిషోర్‌బాబు మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఏమ్మా, ఒక్కరూ లేరేంటి?"

"కోతలకి పోయారండి. పొద్దుగూకితే వస్తారు."

"కొంప మునిగింది. అయిదింటికల్లా ఫొటోలు ఎక్కించాలి. ప్రతి ఇంట్లో పాలు పొంగించి కాపురం పెట్టినట్టు ఉండాలి. పైనుంచి ఒకటే ఫోన్లు."

"నీళ్లు రాకుండా కాపురం ఎట్టా పెడతారండీ?"

"నీళ్ల ఫొటో వేరేలే. అది అయిపోయింది."

ఆదివారం రండి, అందరూ ఉంటారన్నాను. ఆదివారం సెలవంట. పోనీ కాస్త చీకటి పడ్డాక రండన్నాను. చీకట్లో ఫొటో రాదు, కాలనీకి ఇంకా కరెంటు ఇవ్వలేదుగా అని నా మీదే విసుక్కున్నాడు. నేనే ఇవ్వనట్టు.

"నీకు గ్యాసు పొయ్యి ఉందా?"

ఉందన్నాను. ఉన్నదాన్ని లేదనడం నాకు చేతకాదు. ఆటో మాట్లాడి చిన్న సిలిండరు పొయ్యీ, పాల గిన్నే తెప్పించాడు. ఆయనే పాల ప్యాకెట్లు తెచ్చాడు. పొయ్యి పాతదే గానీ గిన్నె మెరిసిపోతోంది. పొద్దున్నే బూడిదేసి కొబ్బరి పీచుతో తోమాను. తోమిన గిన్నెలో మొహం కనపడకపోతే నాకు అన్నం దిగదు.

ముందు జయమణి ఇల్లు. తాళం తీశాను, పొయ్యి వెలిగించాను, పాలు పొంగాయి. "దేవా, ఈ ఇంటిని దీవించు" అంటుంటే, "కళ్లు తెరిచి ప్రార్థన చెయ్యమ్మా, ఫొటోలో కళ్లు మూసుకున్నావు" అన్నాడు. రెండో ఇంటికొచ్చేసరికి ఆయనకే అనుమానం వచ్చింది. అందరిళ్లల్లో ఒకే మనిషి ఒకే చీరలో ఉంటే బాగోదంట. మళ్లీ ఆటో పంపించి నా చీరలు ఇంకో రెండు తెప్పించాడు. ఇక కట్టడం, విప్పడం.

బసవమ్మ ఇంటి దగ్గర నేను ఆగిపోయాను. "వాళ్లు హిందువులండి. నేను విధవని. వాళ్లింట్లో నా చేత్తో పాలు పొంగించకూడదేమో" అన్నాను.

"ఫొటోలో అవన్నీ తెలవ్వులేమ్మా" అని బడ్డీ కొట్టుకి పోయి స్టిక్కరు బొట్ల అట్ట కొనుక్కొచ్చాడు. గొలుసుకున్న సిలువ జాకెట్టులోకి దోపుకోమన్నాడు. బాప్తిస్మం తీసుకున్నాక నా నుదుటి మీద బొట్టు ఇదే మొదలు. ఒక ఇంట్లో పెట్టాను, ఒక ఇంట్లో తీశాను. సిలువ ఒకచోట లోపల, ఒకచోట బయట. కంగారులో నెహెమ్యా ఇంట్లో బొట్టు తీయడం మర్చిపోయాను. ఆ నెహెమ్యా చర్చిలో కానుకల సంచీ పట్టేవాడు. పాస్టరు గారికి తెలిస్తే?

పొంగి పోయినప్పుడల్లా ఆయన గిన్నెలో నీళ్లు పోస్తూ వచ్చాడు. ఆఖరిల్లు నాది. అప్పటికి గిన్నెలో పాలనేవి లేవు. మూలమీద హోటలుకి పోయి బియ్యం కడిగిన కుడితి పట్టుకొచ్చాడు.

"ఇదేంటండీ!"

"తెల్లగానే ఉన్నాయిగా."

కుడితి పొంగలేదు. పొంగినట్టే తీశానన్నాడు. పోతూ పోతూ, "నీ చేతి చలవమ్మా, కాలనీ నిండింది" అన్నాడు. నా రెండు చేతుల మీదా బొబ్బలున్నాయి.

ఫిబ్రవరి 14

అందరిళ్లకీ పాలు, నా ఇంటికి కుడితి. అలాంటి పట్టింపులు మనకి లేవు. శకునాలు నమ్మొద్దని పాస్టరు దేవరాజ్ గారు చెప్పారు. నేను నమ్మను.

కుడితి.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు నా నుదుటికేసి చూశారు. చూశారో, నాకే అలా అనిపించిందో. ఎందుకైనా మంచిదని ముసుగు కిందికి లాక్కున్నాను.

బసవమ్మకి జరిగింది చెప్పేశాను. కాసేపు మూతి ముడుచుకుంది.

"మా ఇంట్లో నువ్వు పొంగించావా వదినా?"

"సారు బలవంతం చేశాడు బసవమ్మా."

"పోనీలే, పొంగినయ్యిగా. ఆయనే పొంగిస్తే అవి కూడా పొంగేవి కాదు."

కాలనీ నూటికి నూరు శాతం నిండిపోయిందని ఫోన్లలో తిరుగుతోందంట. పోయి ఆ నిండిన కాలనీలో కూర్చుని వచ్చాను. నేనూ ఒక కుక్కా ఉన్నాం.

మార్చి 1

ఒకటో తారీకు గదా అని పొద్దున్నే మొహం కడుక్కుని గడపలో కూర్చున్నాను. పింఛను పంచే అమ్మాయి పక్కింటికి వచ్చింది, ఎదురింటికి పోయింది, నన్ను దాటేసింది. పిలిస్తే ఆగింది.

"మీది ఆగిపోయింది మామ్మగారూ."

"ఎందుకు తల్లీ? బతికే ఉన్నానుగా."

"మీకు ఇరవై నాలుగిళ్లు ఉన్నాయంటండి. స్కీము ఫొటోలు కంప్యూటరు చూసిందంట. ఏ ఇంట్లో చూసినా మీ మొహమే ఉందంట."

ఈ మిషన్లు నా మొహాన్ని ఎప్పుడన్నా గుర్తుపట్టాయా? పింఛనుకి నెలనెలా ఎన్ని తిప్పలు! వెలుతురులోకి రా, తల తిప్పు, కళ్లజోడు తియ్యి, కాదు పెట్టుకో, నోరు ముయ్యి. అంతా చేసినా ఎర్రగా వెలిగి, ఈవిడ ఆరోగ్యమ్మ కాదనేది. అలాంటిది, చీరలు మార్చి, బొట్టు పెట్టి, బొట్టు తీసి వేసిన వేషాల్లో ఒక్కటి కూడా తప్పిపోకుండా పట్టేసింది. ఇవ్వడానికి ఆనవాలు తెలియని మొహం ఆపడానికి తెలిసింది.

మార్చి 2

"ఓనరు గారూ, అద్దె ఎప్పుడు తీసుకుంటారు?" అని బసవమ్మ. నెహెమ్యా చర్చి బయట వంగి దణ్ణం పెట్టాడు. వద్దయ్యా అంటే ఇంకా వంగాడు. రాఘవమ్మ గారు ఫోను చేసి, "ఇన్నిళ్లు పెట్టుకుని నా రేకుల గదికి వేలాడతావేం?" అంది. ఎగతాళికి అందో నిజంగా అందో తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు.

నేనూ కొంచెం నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

మార్చి 4

నవ్వులు అయిపోయాయి. స్కీము వాళ్లు వచ్చి ఇరవై నాలుగిళ్లకీ వాళ్ల తాళాలు వేసి పోయారు. విచారణంట. నా సంగతి తేలేదాకా ఎవరికీ ఇల్లు లేదు.

చేలనుంచి వచ్చిన చేతులు కడుక్కోకుండానే బసవమ్మ మా వాకిట్లోకి వచ్చింది.

"ఆరోగ్యమ్మా! తాళం దాచిపెట్టమన్నాం గానీ లోపలికిపోయి నీ మొహం పెట్టమన్నామా?"

"సారు అడిగాడు..."

"సారు అడిగితే మా ఇల్లు నీ పేర రాయించుకుంటావా?"

"నేను రాయించుకోవడమేంటే? ఆఫీసు కాగితం రాయడమే నాకు చేతకాదు."

"ఆ ముక్క పోయి ఆఫీసులో చెప్పు!"

వదినా అనలేదు. పేరు పెట్టి పిలిచింది. జెరూషా అన్నం పెట్టింది. దిగలేదు. గిన్నె తోమినా దిగలేదు.

మార్చి 5

కిషోర్‌బాబు ఫోను ఎత్తడం లేదు. జయమణి ఫోనునుంచి చేస్తే ఎత్తి, నా గొంతు విని పెట్టేశాడు. 'మీ చెత్త తీసుకెళ్లాం, ధన్యవాదాలు' మాత్రం టైముకి వచ్చింది.

మార్చి 10, సోమవారం

నందిగామలో స్కీము ఆఫీసుకి పోయి వచ్చాం. జెరూషాకి సెలవు దొరకలేదు. బసవమ్మ కోత మానుకుని వచ్చింది, నాకు తోడుగా కాదు, తన ఇల్లు నేనేం చేస్తానో చూడ్డానికి. బస్సులో పక్కనే కూర్చుని అటు తిరిగి ఉంది. నేను గిన్నె సంచీలో పెట్టుకుని పోయాను. అన్నిళ్లల్లో పొంగించింది ఈ ఒక్క గిన్నెలోనేనండి అని చూపిస్తే నమ్ముతారని.

ఆఫీసరు కృష్ణప్రియ మేడం. మంచిగానే మాట్లాడింది. అదే భయం వేసింది.

"అమ్మా, ఇరవై మూడిళ్లు వదులుకుంటున్నట్టు ఇక్కడ వేలిముద్ర వేయండి. ఒకటి మీకు ఉంటుంది. పింఛనూ వస్తుంది."

"వదులుకుంటే అవి ఈవిడకీ మిగతావాళ్లకీ పోతాయాండీ?"

"వాళ్లు మళ్లీ అప్లై చేసుకోవాలి. వస్తుందా రాదా అనేది ఇప్పుడే చెప్పలేం."

బసవమ్మ నా వెనకే నిలబడింది. ఊపిరి మెడకి తగులుతోంది.

నేను వేలు పెట్టాను. ఇది చదివేది నేనొక్కదాన్నే, దాచుకోవడం ఎందుకు. ఈస్టరూ, రేకుల గదీ కళ్ల ముందు తిరిగాయి. పెట్టాను. మిషను ఎర్రగా వెలిగింది. మిరపకాయలు కోసి కోసి అరిగిన వేలు, దాని మీద గీతలేం మిగిలాయని?

"తుడుచుకుని మళ్లీ పెట్టండి."

తుడుచుకున్నాను. ఈసారి వేలు ముందుకి రాలేదు. మిషను వద్దనలేదు, నాకే రాలేదు. ఏడుపొచ్చింది. "నేను పెట్టనండి. నన్ను నిలబెట్టింది మీ కిషోర్‌బాబు గారేనండి" అన్నాను.

ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. మేడం పిలిపించింది. వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈవిడెవరో నాకు తెలీదు మేడం. వాళ్లలో వాళ్లే ఎవరో తీసి పంపించుంటారు."

మేడం కంప్యూటరు మా వైపు తిప్పి ఒక్కో ఫొటో చూపించింది. "ఇది మీరేనా? ఇది?" అన్నీ నేనే. పెళ్లికొచ్చినట్టు ఒకదాంట్లో, చావుకొచ్చినట్టు ఒకదాంట్లో. బసవమ్మ అంత కోపంలోనూ ఆపుకోలేకపోయింది. "నెహెమ్యా ఇంట్లో బొట్టేందే! చర్చిలోంచి వెలేస్తారు నిన్ను!" అని కిసుక్కున నవ్వింది.

మొహం బాగా కనపడాలని మేడం ఫొటో పెద్దది చేయబోయింది. మొహం పక్కకి పోయి గిన్నె వచ్చింది. గిన్నె కడుపులో ఒక మనిషి నిలబడున్నాడు. గళ్ల చొక్కా. రెండు చేతుల్తో ఫోను పట్టుకుని ఉన్నాడు. మొహం అటూ ఇటూ సాగి గుమ్మడికాయలా ఉంది గానీ, మీసం ఆయనదే.

మేడం కంప్యూటర్లో ఇంకో ఫొటో తెరిచింది. ఆ గిన్నెలోనూ ఉన్నాడు. ఇంకోటి. ఉన్నాడు. బసవమ్మ కంప్యూటరు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, "ఉతికారాండీ, అదే చొక్కా?" అంది. ఇవాళ కూడా అదే తొడుక్కొచ్చాడు.

నేను సంచీలోంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టాను. "ఇదేనండి ఆ గిన్నె." ఇప్పుడు దాంట్లో అందరం ఉన్నాం. నేను, బసవమ్మ, కిషోర్‌బాబు, మేడం. మేడం తన మొహం చూసుకుని కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"సాంకేతిక లోపం జరిగింది" అంది. "మేం సరిచేస్తాం. ఇది బయట మాట్లాడొద్దు. స్కీముకి చెడ్డపేరు వస్తుంది."

తిరుగు బస్సులో బసవమ్మ నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. బస్సు కదిలాక అంది:

"మొదటిసారి నువ్వు వేలు పెట్టావు. చూశాను."

"పెట్టాను."

"అది పడుంటే నందిగామ బస్టాండులోనే నీ పీక పిసికేదాన్ని వదినా."

వేరుశెనక్కాయల పొట్లం విప్పి నా ఒళ్లో పెట్టింది.

మార్చి 24

ఇరవై మూడిళ్ల తాళాలు తీశారు. ఎవరిది వాళ్ల పేరు మీదికి వచ్చింది. నా ఇంటికి తాళం అలాగే ఉంది. లోపం ఎవరి మొహంలో ఉంటే వాళ్లది ఆఖర్న చూస్తారంట.

బసవమ్మ డ్రమ్ములో నీళ్లు మోసుకుపోయి కాపురం పెట్టింది. నీళ్ల డ్రమ్ముకి కూడా ఎవరో వచ్చి ఫొటో తీసుకున్నారు.

కుడితి వల్లే. నేను నమ్మను గానీ.

ఏప్రిల్ 1

పింఛను అమ్మాయి ఈసారి ఎదురు బజారునుంచి పోయింది, నన్ను దాటాల్సిన పని లేకుండా.

ఏప్రిల్ 4

సామాన్లు సంచుల్లో సర్దాను. ఎక్కడికి సర్దుతున్నావని జెరూషా అడిగింది. చెప్పలేక మళ్లీ తీసి పెట్టాను. ఈస్టరు దగ్గరికొచ్చేసింది. అంతలో దాని ఫోను మోగింది.

"ఆరోగ్యమ్మ గారూ, బాగున్నారాండీ?"

కిషోర్‌బాబు. గారు అన్నాడు, అండీ అన్నాడు. నాతో ఏదో పని పడిందన్నమాట.

"మన స్కీము బ్రహ్మాండంగా సక్సెస్ అయిందండి. మైలవరంలో కూడా పెట్టారు. అక్కడ ఇప్పుడు మామిడి కోతలు, జనం ఎవరూ ఇళ్ల దగ్గర దొరకరు. మీకు అలవాటున్న పని గదా. పొయ్యి తీసుకుని ఒక్కసారి వచ్చారంటే అయిపోతుంది. కారు పంపిస్తాం."

"మళ్లీ కంప్యూటరు పట్టుకోదా బాబూ?"

"మొహాలు చూసేదాన్ని తీయించేశారు మేడం గారు. ఇక ఆ బాధ లేదు."

"మరి నా ఇల్లు?"

"మైలవరం పని అయ్యాక చూద్దాంలేండి."

నా నోట్లోంచి ఎవరిదో గొంతు వచ్చింది. "నా ఇంటి పని అయ్యాక మైలవరం చూద్దాం బాబూ. నా పింఛను కూడా."

పెట్టేస్తాడనుకున్నాను.

"సరేనండి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకో మాట. ఈసారి గిన్నె మరీ అట్టా తోమకండి."

ఏప్రిల్ 9

తాళం తీశారు. రెండు నెలల పింఛనూ వచ్చింది. రాఘవమ్మ గారి రేకుల గది తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేశాను. లెక్కపెట్టుకున్నట్టు చూసుకుంది, ఉన్నది ఒక్కటే అయినా.

కొత్త ఇంట్లో పొయ్యి పెట్టాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నా నుదుటికేసి చూడలేదు. బసవమ్మ అగ్గిపెట్టె తీసుకుని తనే వెలిగించబోయి ఆగింది. "నీ ఇల్లు. నువ్వే కానియ్యి వదినా" అంది. చిక్కటి పాలు, నీళ్లు కలపనివి. కళ్లు మూసుకునే ప్రార్థన చేశాను. కళ్లు తెరిచేసరికి పొంగి, పొయ్యి మీద పడి, మంట ఆరిపోయింది. ఎవరూ ఫొటో తీయలేదు.

కుళాయి తిప్పి చూశాను. గాలొచ్చింది.

ఏప్రిల్ 10

రేపు పొద్దున్నే మైలవరం కారు వస్తుంది.

గిన్నె తోమాను. ముందు బూడిదతో, తర్వాత చింతపండుతో, మళ్లీ బూడిదతో. బసవమ్మ గడపలో నిలబడి చూసి చూసి, "చిల్లు పడుద్ది వదినా, ఇక ఆపు" అంది. మురికి గిన్నెలో పాలు విరుగుతాయన్నాను. తోమింది అందుకే. ఇంకెందుకూ కాదు.

కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాను. నా మొహం కనపడింది. నా వెనక బసవమ్మ, బసవమ్మ వెనక తలుపు, తలుపు మీద చెత్త బండి స్టిక్కరు, దాని మీద అక్షరాలు కూడా కనపడ్డాయి.

ఆయన రేపు గళ్ల చొక్కా వేసుకొస్తాడో, వేసుకురాడో. ఒకటే దిగులుగా ఉంది.